ఎనిమిదో తరగతి పిల్లలు గీసిన అమెరికా పటం

రియాద్‌లో నేను పనిచేసిన బడిలో అమెరికా పుస్తకాలు చెప్పేవాళ్లం. చదివేది మాత్రం మా కర్నూలు, కడప, హైదరాబాదు పిల్లలు, కేరళ పిల్లలు, ఈజిప్టు, పాకిస్తాన్ పిల్లలు. ఆడపిల్లల విభాగంలో ఎనిమిదో తరగతి సోషల్ తొమ్మిదేళ్లు నాదే.

అందులో అమెరికా పడమటికి విస్తరించిన పాఠం అంటే పిల్లలకు మహా ఇష్టం. గుడ్డ కప్పిన బండ్లు, నదుల్లో దిగే ఎద్దులు, కొండల అవతల బంగారం. తూర్పు తీరాన పదమూడు రాష్ట్రాలతో మొదలైన కొత్త దేశం అవతలి సముద్రం దాకా వెళ్లింది. ఆ ప్రయాణంలోనే అమెరికావాళ్లకు తామెవరో తెలిసిందని పుస్తకం చెప్పేది. ఎవరికీ తలవంచనివాళ్లు, ఖాళీగా పడున్న నేలను సొంత చేతులతో బాగుచేసుకున్నవాళ్లు. ఆ ఖాళీ అన్న మాట దగ్గర నేను ఎన్నడూ ఆగలేదు.

బయటి దేశాలవాళ్ల మీద లెవీలు పెట్టాక తరగతి పలచబడింది. ఇంట్లో భార్యా పిల్లలు ఎంతమంది ఉంటే అంతమందికీ ప్రభుత్వానికి కట్టాలి. కట్టలేనివాళ్లు కుటుంబాలను ఊళ్లకు పంపేస్తున్నారు. ఇంకోపక్క నితాకత్, ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండి తీరాలని. మా బడికీ అది తప్పలేదు. నా స్థానంలోకి ఒక సౌదీ అమ్మాయిని తీసుకున్నారు. పరీక్షలయ్యేదాకా ఆమె వెనక బెంచీలో కూర్చుని నా పాఠాలు చూడాలి. మొదటి రెండు వారాలు సలాం తప్ప నేనామెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె తప్పేమీ లేదని తెలుసు.

ఆ రోజుల్లోనే ఆ పాఠం వచ్చింది. చదువుతుంటే కడప పిల్ల ఒకతె లేచింది. రియాద్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ల నాన్న ఆసుపత్రి మెయింటెనెన్స్‌లో సూపర్‌వైజరు. అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు రెన్యువల్ కాక ఇంటిల్లిపాదికీ దేశం విడిచి వెళ్లే ఎగ్జిట్ వీసా కొట్టేశారు. ఇంకో మూడు వారాల్లో ప్రయాణం.

"మేడమ్, ఖాళీ నేలంటాండారు. మళ్లీ ఇదే పేజీలో వాళ్లెవరితోనో యుద్ధం చేసినారని ఉంది. ఖాళీగా ఉంటే యుద్ధం ఎవరితో?"

తొమ్మిదేళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న. నన్ను నేనూ అడగని ప్రశ్న. పుస్తకం మూసేసి, అక్కడ ముందు ఎవరున్నారో వెతుక్కు రమ్మని తరగతికంతా చెప్పాను.

వారం తర్వాత బడిలో ఎగ్జిబిషన్. కొత్త దేశం ఎలా పెరిగిందో చూపే పటం మా తరగతి వంతు. పిల్లలు నిలువెత్తు చార్టు మీద రాష్ట్రాలకు రంగులు వేశారు. ఆ రంగుల మీద, అక్కడ అంతకుముందు ఉన్నవాళ్ల పేర్లు నల్ల అక్షరాలతో రాశారు. చెరోకీ, లకోటా, షోషోనీ, నవాహో. చెరోకీలను సొంత నేల మీదినుంచి పడమటికి తరిమిన దారి కడప పిల్లే గీసింది. గీస్తూ అడిగింది.

"మనం ఆ బండ్లలో వచ్చినోళ్లమా మేడమ్, ముందునుంచీ ఉన్నోళ్లమా?"

"రెండూ కాదు. మనం పని కోసం వచ్చినోళ్లం. అంతమాత్రాన మనం ఇక్కడ లేమని ఎవరూ అనలేరు."

ప్రిన్సిపాల్ హైదరాబాదావిడ. పటం చూసి నన్ను గదికి పిలిచింది.

"ఆ పేర్లు తీసేయించండి. టాపిక్ దేశం ఎట్ల పెరిగిందని. ఎవరు పోయిన్రని కాదు."

"రెండూ ఒకటే పాఠం మేడమ్. ఒకటి చెప్పి రెండోది దాచితే అది అబద్ధం."

"మీకున్నది రెండు నెలలు. ఎందుకీ తలనొప్పి?"

"రెండు నెలలే ఉంది కాబట్టే. ఇంకా నన్నేం చేస్తారు? నేను తీయించను."

మర్నాడు, ఎగ్జిబిషన్ రోజు, హాల్లో మా పటం లేదు. స్టోర్ రూములో చుట్ట చుట్టి పెట్టారు. నేనూ పిల్లలూ దాన్ని మోసుకొచ్చి మా తరగతి గోడకే అంటించాం. మా గది వైపు ఎవరూ రారని తెలుసు. అయినా పిల్లలు యూనిఫాం సర్దుకుని పటం పక్కన నిలబడ్డారు.

నా స్థానంలోకి వచ్చిన కొత్త టీచర్ లోపలికి వచ్చి ఒక్కో పేరు మీద వేలు పెట్టి చదివింది.

"మా నానమ్మ పుట్టిన ఎడారికి రుబ్ అల్ ఖాలీ అని పేరు. ఖాళీ అనే అర్థం," అంది ఇంగ్లీషులో. "ఆమె అక్కడ ఒంటెలు మేపుకుంటూ పెరిగింది. ఆ పేరు వింటే ఇప్పటికీ కోప్పడుతుంది."

నేనేదో అనేలోపే హాల్లోకి వెళ్లి, చూడటానికి వచ్చిన తల్లులందరినీ వెంటబెట్టుకొచ్చింది. ప్రిన్సిపాల్ వాళ్ల వెనకే వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది. కడప పిల్ల పటమంతా వివరించింది. ముందు ఎవరున్నారు, బండ్లలో ఎవరొచ్చారు, వచ్చినవాళ్లు తమ గురించి తాము ఏ కథ చెప్పుకున్నారు, ఆ కథ నిలబడాలంటే ఎవరు లేనట్టు చూపాల్సి వచ్చింది.

ప్రిన్సిపాల్ నుంచి మెమో వచ్చింది. పటంలో తప్పేమీ లేదని జవాబు రాసిచ్చాను. మిగిలిన రెండు నెలలూ కొత్త టీచర్‌కు నాకు తెలిసిందంతా దాచకుండా చెప్పాను. ఆమెకు చెప్పాలనిపించింది, చెప్పాను.

కర్నూలుకు వచ్చేశాక ఒకరోజు ఆ పిల్ల ఫోన్ చేసింది. కడప బడిలో అందరూ తనను సౌదీ పిల్ల అని ఏడిపిస్తున్నారట.

"నువ్వేమన్నావు?"

"ఔ, ఆడనే పుట్టినా, ఇప్పుడు ఈడుండా, ఏమైతాది అన్నా మేడమ్."