మిర్చి ఘాటు

మాజిద్‌కు కోపం ముక్కు మీదే ఉంటుంది. మహబూబాబాద్ దగ్గర మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీలో చల్లదనం కోసం అమ్మోనియా గ్యాసు యంత్రాలు నడిపేది అతనే. ఏటా కొత్త పంట రాకముందు కూలీలకు భద్రతా పాఠాలు చెప్పేదీ అతనే. చెప్పిందే చెప్పి గొంతు పోతుంది గానీ ఎవరి తలకూ ఎక్కదు.

తండాల నుంచి వచ్చే ఆ కూలీలకు కళ్లు మండటం కొత్త కాదు. మండితే కొంగో తువ్వాలో ముక్కుకు కట్టుకుని బస్తాలు మోస్తూనే ఉంటారు. నిరుడు గ్యాసు పైపు కారినప్పుడూ అదే చేశారు. మాజిద్ ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని బయటికి లాగాల్సి వచ్చింది.

"గ్యాసుకు, మిర్చికి ఫరక్ తెలుస్తలేదా మీకు? కండ్లు మండంగనే బయటికి రావాలె. గాలి ఎటు పోతుందో జెండా చూడాలె. ఆ దిక్కు పోవద్దు, అడ్డంగ ఉరకాలె. ఎన్నిసార్లు చెప్పాలె?"

ఈసారి కడిగి ఆరబెట్టిన ఖాళీ గోదాములో కూర్చోబెట్టి అరుస్తున్నాడు. వెనక ఎవరో ఆవలించారు. అతనికి ఒళ్లు మండిపోయింది.

ముందు వరుసలో ఉన్న కళావతి చెయ్యెత్తింది. "అన్నా, కండ్లు మండుతున్నయి."

మాజిద్ తన కళ్లు తుడుచుకుంటూ విసుక్కున్నాడు. "అది మిర్చి ఘాటక్కా. కొంగు అడ్డం పెట్టుకొని జర చెప్పేది ఇను."

కళావతి గోదామంతా ఒకసారి చూసి, లేచి నిలబడింది.

"మిర్చి యాడిదన్నా? ఇంకా ఒక్క బస్తా గూడ రాలే."