చిక్కుడు కొత్త

మొన్న పొద్దున ఎవరిదో పెళ్లి శుభలేఖ వచ్చింది. నాలుగు మూలలా పసుపు పూసి ఉంది. కవరు విప్పగానే ముందు ఆ పసుపు వాసన, దాని వెనకే కొత్త అట్ట వాసన. పెళ్లెవరిదో చూడలేదు. వెనక్కి తిప్పి, ఖాళీగా ఉందా లేదా అని చూశాను. ఖాళీగానే ఉంది. మధ్యకు కోస్తే రెండు కార్డులొస్తాయి అనుకున్నాను. నా పిచ్చి ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆ కార్డు చేత్తో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. విశాఖపట్నం ఎండ ఎటో పోయింది. పాడేరులో ఒక పెంకుటింటి వరండా, గుమ్మం దాటి లోపలికి వచ్చేసే పొగమంచు, ఆ మంచులో కత్తెర చప్పుడు. ముందు చప్పుడు వినిపించేది, తర్వాత భద్రయ్య మాస్టారు కనిపించేవారు.

ఆయన పేరు మీరు విని ఉండరు. కొండ మీద ఒక చిన్న ఊళ్లో పుట్టి, చదువుకుని, ఆశ్రమ పాఠశాలల్లో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత ఏజెన్సీ మాటల్ని పోగుచేయడం మొదలుపెట్టారు. చెట్ల పేర్లు, చేపల పేర్లు, రోగాల పేర్లు, వానల్లో రకాలు. తొంభైల నడుమ నాకు ఆయన దగ్గర పని దొరికింది. మా నాన్న మైదానం నుంచి వచ్చి పాడేరు బజార్లో కిరాణా కొట్టు పెట్టాడు. నేను అక్కడే పుట్టాను. డిగ్రీ అయింది, ఉద్యోగం లేదు, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. బాలవాడీల కోసం చిన్న చిన్న కాగితాలు అచ్చువేసే ఒక స్వచ్ఛంద సంస్థ, మాస్టారికి సాయంగా ఉండి ఆయన పోగుచేసిన సంగతులు తమకు అందించమని నన్ను పెట్టుకుంది. పాడేరు పిల్లనైన నాకు కొండల గురించి ఎవరో చెప్పాలా అని మనసులో కాస్త పొగరు కూడా ఉండేది.

మొదటి రోజు రెండువందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొనుక్కుని వెళ్లాను. ఆయన దాన్ని అందుకుని, అట్ట తడిమి చూసి, పక్కన పెట్టేశారు.

"ఏటిది?"

"రాసుకుందామని, మాస్టారూ."

"పుస్తకంలో రాస్తే మాటలు లైన్లో నిలబడిపోతాయమ్మా. ముందున్నది ముందే, ఎనకున్నది ఎనకే. మాటంటే సంతకొచ్చిన మనిషి. అటూ ఇటూ తిరగాల, సుట్టాల్ని కలుసుకోవాల."

అని నా చేతికి కత్తెర, ఒక శుభలేఖల కట్ట ఇచ్చారు. కొత్త కార్డులు కొనాలంటే వైజాగ్ వెళ్లాలి. పాడేరు కొట్లన్నిటికీ మైదానం నుంచి శుభలేఖలు వస్తూనే ఉంటాయి. అందరిళ్లూ తిరిగి అవి అడిగి తెచ్చుకునేవారు. మా కొట్లోంచి కూడా ఆయన చాలా పెళ్లిళ్లు పట్టుకెళ్లారని అప్పుడే తెలిసింది. వారం రోజులు నా పని ముక్కలు కొయ్యడమే. అన్నీ ఒకే కొలత. చెప్పుల కొట్టు నుంచి తెచ్చిన ఖాళీ అట్టపెట్టెల్లో వాటిని నిలువుగా పేర్చి, మధ్యమధ్య ఎండిన వేపాకు వేసేవాళ్లం.

రాయడానికి ఆయన చెప్పిన పద్ధతి ఇది. ఒక కార్డుకు ఒక్క సంగతి. పైన నంబరు. ముందుగా, సంగతి చెప్పిన మనిషి అన్న మాట అన్నట్టే, వాళ్ల నోట్లోంచి వచ్చినట్టే రాయాలి. దాని కింద మనకు అర్థమైంది రాయాలి. ఆ కింద ఎవరు చెప్పారు, ఏ ఊళ్లో, ఏ నెలలో. చివర కుడి మూలన దానికి సంబంధం ఉన్న ఇంకో కార్డు నంబరు. దాన్ని ఆయన చుట్టం నంబరు అనేవారు. చుట్టం లేని కార్డును పెట్టెలో పెట్టనిచ్చేవారు కాదు. "ఎవరూ లేనిదంటూ ఉండదు. నువ్వు ఎతకలేదు, అంతే" అనేవారు.

వినడానికి ఎంత సులువో చేయడానికి అంత కష్టం. నా మొదటి కార్డు, కల్లు తీసే జీలుగు చెట్టు గురించి. ముందువైపు నిండిపోతే వెనక్కి తిప్పాను, వెనక వధూవరుల పేర్ల సందుల్లో కూడా రాశాను. మాస్టారు కళ్లజోడు సర్దుకుని వేలితో లెక్కపెట్టారు. "ఇందులో ఏడుగురున్నారు. ఒక్క మంచం మీద ఏడుగురు పడుకుంటే ఎవరికి నిద్ర పడతాది?" అన్నారు. దాన్ని ఏడు కార్డులుగా విడగొట్టేసరికి సాయంత్రమైంది. ఆ ఏడూ బల్ల మీద పరిచి చూస్తే, చెట్టు గురించి నాకు తెలియనిది ఎంతుందో కార్డుకూ కార్డుకూ మధ్య ఖాళీల్లో కనిపించింది. పొగరు కాస్త దిగింది, పూర్తిగా కాదు.

ఆ చలికాలం నాకిప్పటికీ సగం కల లాగే గుర్తుంటుంది. పొద్దున పదిదాకా ఎదురింటి కప్పు కనిపించేది కాదు. ఏ పనీ తోచనప్పుడు ఒక కార్డు తీసేదాన్ని. పిప్పళ్లు. దాని మూలన ఉన్న నంబరు చూసి వెళ్తే దగ్గు. అక్కణ్నుంచి దగ్గుకు మందిచ్చే ఒక ముసలమ్మ, ఆవిడ నుంచి ఆవిడ ఊరి పక్కన పారే గెడ్డ, గెడ్డ నుంచి ఒక చేప. ఎక్కడ బయల్దేరానో మరిచిపోయి, మంచు విడిచాక తలెత్తితే, కొండల మధ్య ఎక్కడో నడిచి వచ్చినట్టు కాళ్లు తేలికగా ఉండేవి. అంత సుఖంగా నేను మళ్లీ ఏ ఉద్యోగమూ చేయలేదు.

తప్పు జరిగింది కూడా ఆ చలికాలంలోనే.

మాస్టారికి మోకాళ్లు పట్టేసి, ఒక రోజు నన్ను ఒంటరిగా పంపారు. జీపు దిగి గంట నడిస్తే సోమేలమ్మ ఊరు. సోమేలమ్మ సంతకు చీపుళ్లు, అడ్డాకులు తెచ్చే మనిషి. మా కొట్లో ఉప్పూ కిరసనాయిలూ కొనేది. నన్ను సావుకారి గుంట, అంటే కొట్టాయన పిల్ల, అని పిలిచేది. దారి పొడుగునా వలిసె పూలు, కొండవాలంతా పసుపు. ఆవిడ కంచె మీద చిక్కుడు పాదు విరగకాసి ఉంది. ఆ ఊళ్లో ఏ కంచె చూసినా అంతే. కానీ ఏ పొయ్యి మీదా చిక్కుడు కూర లేదు.

"ఇన్ని కాయలున్నాయి, వండుకోరా సోమేలమ్మా?" అని అడిగాను.

"సిక్కుడు మాకింకా కొత్త అవనేదమ్మా" అంది.

వేళ్లు చలికి కొంకర్లు పోతున్నాయి. కింద జీపు హారను వినిపిస్తోంది. ఆవిడ మాట రాయాల్సిన చోట వదిలేసి, నాకు అర్థమైంది మాత్రం గబగబా రాశాను: చిక్కుడు ఇక్కడివారికి ఇంకా కొత్త. తినే అలవాటు లేదు. కింద, చెప్పినవారు సోమేలమ్మ. అలవాటు లేనివాళ్లు ఊరంతా పాదులు ఎందుకు పెట్టుకున్నారన్న ప్రశ్న నా డిగ్రీ చదివిన బుర్రకు తట్టనే లేదు.

మాస్టారు మోకాళ్ల మందు కోసం రెండు వారాలు కూతురింటికి వెళ్లారు. సంస్థవాళ్లు వచ్చి, తిండి గురించిన కార్డులేమన్నా ఉన్నాయా అంటే నేనే ఉత్సాహంగా తీసిచ్చాను, వాళ్లు నకలు రాసుకున్నారు. వారం తిరక్కుండా అది సైక్లోస్టైల్ కాగితమై బాలవాడీలకు చేరింది. వీరికి చిక్కుడు అలవాటు లేదు, పిల్లలకు అలవాటు చేయండి, చెప్పినవారు సోమేలమ్మ. ఆ ఊరి బాలవాడీ టీచరు మైదానం నుంచి కొత్తగా వచ్చిన పిల్ల. పాపం మంచి మనసుతోనే సోమేలమ్మ కంచె మీది కాయలు కోయించి, కిచిడీలో వేసి పిల్లలందరికీ పెట్టింది.

తర్వాతి సంతరోజు సోమేలమ్మ మా కొట్టు ముందుకు వచ్చి నిలబడింది. బుట్ట లేదు, చీపుళ్లు లేవు.

"ఏం కావాలి సోమేలమ్మా?" అన్నాడు నాన్న.

"నా మాట కావాల. మీ గుంట కాడున్నాది" అంది.

నాకేమీ అర్థం కాలేదు. ఆవిణ్ని మాస్టారి ఇంటికి తీసుకెళ్లాను. ఆయన అప్పుడే ఊరినుంచి వచ్చారు. సోమేలమ్మ జరిగింది చెబుతుంటే ఆ కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన చదివి కళ్లజోడు తీశారు. తర్వాత నెమ్మదిగా, "పాదు ఎవరు పెట్టారనుకున్నావమ్మా?" అన్నారు. అప్పుడు చెప్పారు. కొండ మీద కొత్త అంటే పండగ. పండిన పంట ఏదైనా, చిక్కుడైనా సామలైనా మామిడైనా, ముందు ఊరి దేవతకు పెట్టి, ఊరంతా ఒక్కరోజే తినాలి. ఆ రోజు దాకా ఎవరూ నోట పెట్టరు. చిక్కుడు కొత్త అవలేదంటే ఆ పండగ ఇంకా అవలేదని. ఏటేటా ఆ పండగకు మా కొట్లోనే కొబ్బరికాయలు, అగరొత్తులు కొనుక్కెళ్లేవారు. ఏం పండగని నేను ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు.

పిల్లల చేత పండక్కి ముందే తినిపించింది సోమేలమ్మ చెప్పిన మాటేనని ఊరు తీర్మానించింది. కాగితం మీద పేరుంది కదా. ఈ ఏడు దేవత ముందు అందరి బుట్టలతో ఆవిడ బుట్ట పెట్టనిచ్చేది లేదన్నారు. ఆ ఊళ్లో పెట్టని బుట్టంటే, లేని ఇల్లన్నమాట.

నేను ఆ కార్డు చింపబోయాను. మాస్టారు చెయ్యి పట్టుకున్నారు. "సింపకు. ఒక గీత గియ్యి. కింద తప్పు కనబడాల. సింపేస్తే ఇదే తప్పు ఇంకోడు సేత్తాడు."

మర్నాడు ఆ మోకాళ్లతోనే ఆయన నా వెంట కొండెక్కారు. నాయుడి ఇంటి ముందు బండల మీద ఊరి పెద్దలు కూర్చున్నారు. నాయుడంటే అక్కడ ఊరి పెద్ద. నేను కార్డు చదివాను. ఆవిడ అన్నది ఇది కాదు, నేను రాసింది ఇది, తప్పు నాది అని చెప్పాను. ఎవరూ ఓదార్చలేదు. పూజారి ఒక్కటే అడిగాడు.

"ఆ కాయితాలు ఎన్నూళ్లకి ఎల్లినాయి?"

"తిరిగి తెస్తాం. ప్రతి ఊరికీ నేనే ఎళ్తాను, ఈ గుంటని తీసుకుని" అన్నారు మాస్టారు. పెద్దలు తమలో తాము వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి నాయుడు సోమేలమ్మ వైపు తిరిగి, బుట్ట అందరితోపాటే పెట్టుకోమన్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకోలేదు, తల మాత్రం ఊపింది.

"కొత్త కార్డు రాస్తాను. ఇందులో నీ పేరు ఉండదు సోమేలమ్మా" అన్నాను, మేలు చేస్తున్నాననుకుని.

ఆవిడకు అప్పుడు కోపం వచ్చింది. "నా పేరేటి సేసినాది? నా పేరు తియ్యకు. నేను సెప్పిందే రాయి. రాసి సదువు."

అక్కడే, ఆ బండ మీదే రాశాను. సిక్కుడు మాకింకా కొత్త అవనేదు. రెండుసార్లు చదివించుకుంది. అప్పుడు తన పేరు రాయనిచ్చింది.

ఆ తర్వాత ఇరవై రోజులు మాస్టారూ నేనూ ఊరూరూ తిరిగి కాగితాలు వెనక్కి తెచ్చాం. చిక్కుడు కొత్త నాడు సోమేలమ్మ కబురు పెట్టింది. ఉడకబెట్టిన చిక్కుళ్లు, ఉప్పు, ఆకుదొప్పలో. కడుపు నిండా తిన్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకు మాస్టారు పోయారు. నేను అప్పటికి పెళ్లై విశాఖ వచ్చి, పిల్లల వాచకాలకు సంగతులు పోగుచేసే పనిలో పడ్డాను. ఇప్పటికీ ఆ పనే. ఎవరి మాటైనా రాస్తే వాళ్లకు చదివి వినిపించకుండా వాళ్ల పేరు కింద పెట్టను. దానివల్ల పని ఆలస్యమవుతుందని నా మీద ఫిర్యాదులున్నాయి. ఉండనీ.

కానీ ఇది రాసి ముగించాక ఒక సంగతి గుండెను పట్టుకుంది. ఇందులో మాస్టారు అన్న మాటలన్నీ నేను రాసినవే. ఆయనకు చదివి వినిపించే దారి లేదు. ఉండబట్టలేక కొండెక్కాను. సోమేలమ్మకు చూపు తగ్గింది గానీ చెవులు బాగానే ఉన్నాయి. అరుగు మీద కూర్చుని మొత్తం చదివాను. కళ్లు మూసుకుని వింది.

"అంతా బాగున్నాది. మాస్టారే బాగులేడు" అంది.

"ఏం?"

"నెమ్మదిగా అన్నాడని రాసినావు. ఆ దినం ఆయన నెమ్మదిగా అన్నాడేటి? నేనక్కడే ఉన్నాను కదా. ఈది ఈదంతా బయటికొచ్చినాది. ఆ తిట్లేవీ?"

నిజమే. ఆ రోజు మాస్టారు అరిచిన అరుపుకు నేను వరండా మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఇన్నేళ్లలో ఆయన మీద ప్రేమ ఆ అరుపును కొంచెం కొంచెంగా అరగదీసి నెమ్మది చేసేసింది. ఈసారి చలి లేదు, జీపు తొందర లేదు. అయినా ఆయన మాట వదిలేసి నాకు అర్థమైందే రాసుకున్నాను.

గుర్తు తెచ్చుకుని, సోమేలమ్మ అందిస్తుంటే, ఆ ముక్క అక్కడే రాశాను. "పాడేరులో పుట్టి ఏటి లాభమే గుంటా! సెవులకి కమ్మలెట్టుకున్నావు గానీ ఇనడం నేర్సుకోనేదు! ఒకామె నోట్లో నువ్వు నీ మాటెట్టి, దానికి ఆమె పేరెట్టి, ఆమెని ఊరికి లేకుండా సేసినావు! లే, ఏడుపు తరవాత, ముందు కొండెక్కు!"

చదివి వినిపించాను. సోమేలమ్మ నవ్వింది. "ఆఁ. ఇప్పుడు మాటాడినాడు" అంది.