చెరిపేసిన గొంతు

ఆయన్ని వీధి వీధంతా రేడియో మావయ్య అనేది. కన్నకూతురు బస్సు కండక్టరు. ఆమె నోరు విప్పితే చివరి సీటుదాకా వినిపిస్తుంది. తండ్రి సంతాపసభలో మాత్రం ముందు వరసలో పళ్లు బిగించుకుని కూర్చుంది.

వేదిక మీద రేడియో కేంద్రం అధికారి మాట్లాడుతున్నాడు. "ఆయన మా కుటుంబ సభ్యుడండీ. లలిత సంగీతమంటే ప్రాణం పెట్టేవారు."

ప్రాణం పెట్టిన మాట నిజమే. నీళ్ల పంపుల దగ్గర డ్యూటీ దిగి రాగానే ఆయన రేడియోను కిటికీలో పెట్టేవాడు. ఆదివారం పొద్దున పాట నేర్పే కార్యక్రమం మొదలైందంటే ఇస్త్రీ బండి మనిషి, నర్సమ్మ, కూరలమ్మే అవ్వ, అందరూ ఆ కిటికీ కిందే. "సిగ్గెందుకే అవ్వా, అపస్వరం వస్తే నామీదకి తోసెయ్!" అనేవాడు. పాట అయ్యాక ఎవరింట్లో జ్వరమో, ఎవరికి రక్తం కావాలో అక్కడే తేలేది. వెంటనే సైకిలెక్కేవాడు. సొంత కూతురు జ్వరంతో మూలుగుతున్నా పక్కింటివాళ్లని ఆస్పత్రికి తీసుకెళ్లిన మనిషి. ఆ ఉక్రోషం ఆమెకు ఇప్పటికీ పోలేదు.

ఒకసారి కేంద్రం వాళ్లే ఆ కిటికీ బృందాన్ని స్టూడియోకి పిలిచారు. ఆయన రాసి వరస కట్టిన పాటకు అందరూ గొంతు కలిపారు. అది ఒకే ఒక్కసారి ప్రసారమైంది. తర్వాత అసలు కార్యక్రమాన్నే ఎత్తేసి ఆ వేళను ప్రకటనలతో నింపేశారు. ఆయన వీధివాళ్లని వెంటబెట్టుకుని అడగడానికి వెళ్తే ఇదే అధికారి గేటు బయటే నిలబెట్టాడు.

"ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు వింటారండీ?"

"మేం వింటాం బాబూ. అది చెప్పడానికే ఇంతమందిమి వచ్చాం."

గేటు తెరుచుకోలేదు. ఆ సాయంత్రం ఆయన అన్నం ముట్టలేదు.

ఇప్పుడు అదే నోటితో కుటుంబ సభ్యుడట!

కూతురు లేచింది. "అయ్యా, మా నాన్న పాడిన టేపు మీ దగ్గరుండాలి. ఇప్పించండి."

అధికారి నీళ్లు నమిలాడు. "అది... కొత్త టేపులు లేక, దానిమీదే వేరేది రికార్డు చేశామమ్మా."

"ఏంటది?"

"సబ్బు ప్రకటన."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "కుటుంబ సభ్యుడి గొంతు మీద సబ్బు రుద్దారా?"

వెనక నుంచి ఒక పెద్దాయన, "పోనీలేమ్మా, ఇప్పుడు గొడవెందుకు?" అన్నాడు.

"పోనిచ్చీ పోనిచ్చీ కదా బాబాయ్, కార్యక్రమం పోయింది, టేపూ పోయింది!"

అంతలో కూరలమ్మే అవ్వ కూర్చున్నచోటే ఆ పాట పల్లవి ఎత్తుకుంది. ఇస్త్రీ మనిషి అందుకున్నాడు. రెండో చరణం దగ్గరికొచ్చేసరికి ఎవరికీ మాటలు గుర్తురాలేదు. అధికారి చప్పట్లు కొట్టబోయాడు.

"ఆపండి. ఇంకా అవలేదు" అంది కూతురు.

తర్వాతి ఆదివారాల్లో అందరూ ఆమె ఇంట్లో కూర్చుని, తలో ముక్కా తవ్వుకుని ఆ చరణాన్ని నిలబెట్టారు. ఒక్క పాదం మాత్రం ఎంతకీ దొరకలేదు. కొన్నాళ్లకు, ఆయన గురించి ఇంటర్వ్యూ ఇమ్మని కేంద్రం నుంచి ఫోనొచ్చింది.

"ముందు మీరు చెరిపేసిన ఆ పాదం తెచ్చివ్వండి" అని ఆమె ఠపీమని ఫోను పెట్టేసింది.