ఉరుకుందు పత్తి యార్డు

ఆదోని పత్తి యార్డులో ఉరుకుందు పంతొమ్మిదేళ్లు కాపలా కాశాడు. ఆయన కాపలాలో ఉన్న కుప్ప మీద వాలాలంటే కాకి కూడా ముందు ఆయన మొహం చూసేదట. ధర తేలేదాకా రైతు కుప్పను రైతు తప్ప ఎవరూ ముట్టకూడదు. ఆయనకు తెలిసిన ధర్మం అదొక్కటే.

మోకాళ్లు మొరాయించి పని మానుకున్నాక, పత్తి గింజలు తీసే ఓ జిన్నింగు మిల్లులో మూలపడిన కంప్యూటరును ఇంటికి తెచ్చుకున్నాడు. ఫోనులో వీడియోలు చూసి దాంట్లో ఉచితంగా దొరికే లినక్స్ సాఫ్ట్‌వేరు ఎక్కించాడు. దిమ్మెలు పేర్చి ఊళ్లు కట్టే ఆటకు సర్వరు పెట్టాడు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఆడినా, అందరూ కలిసే ఊరు ఉరుకుందు కంప్యూటర్లోనే ఉంటుంది. హాలహర్వి నుంచి ఎమ్మిగనూరు దాకా నలభైమంది చేరారు.

ఊరన్నాక ఆదోని మనిషి ముందు ఏం కడతాడు? పత్తి యార్డే. ఆ ఆటలో పత్తి లేదు. గొర్రె బొచ్చునే పత్తి అనుకున్నారు. కుప్పలు పోసి ప్రతి ఆదివారం మధ్యాహ్నం వేలం పెట్టుకునేవారు.

ఎండలు ముదిరేసరికి ఆటలోని ఊరు నత్తనడక పట్టింది. ఒక ఆటో డ్రైవరు ఆటలో మిద్దె మీది నుంచి దూకి, కిందపడేలోపు నిజం ఆటోలో ఇద్దర్ని స్టేషనులో దింపి వచ్చాడు. టీ కూడా తాగి వచ్చానన్నాడు.

హాలహర్వి రైతు తిరుపాల్ ఫోన్ చేశాడు. యార్డులో అందరికంటే పెద్ద కుప్ప ఆయనదే.

"ఏం ఉరుకుందూ, నా ఆవు పొద్దున ఒక కాలెత్తింది. రెండోది ఎప్పుడెత్తుతుందో పంచాంగం సూసి సెప్పప్పా!"

"సూస్తాండాను లే అన్నా."

"ఈ ఆదివారం గూడా ఇట్లే ఉంటే మేమంతా బళ్లారోళ్ల సర్వరుకు పోతాం. ఆమీద నువ్వొక్కడివే వేలం పాడుకో."

ఉరుకుందు ఫ్యానులోని దుమ్ము దులిపాడు. ఆటగాళ్లకు కనబడే దూరాన్ని సగానికి తగ్గించాడు. అయినా ప్రాసెసరు తొంభైఎనిమిది శాతం దగ్గరే రొప్పుతూ ఉంది. చివరికి, ఏ పనికి ఎంత సమయం పోతోందో చూపించే పట్టీ తీసి చూస్తే, అంతా యార్డులోనే పోతోంది. నేల మీద నలభై ఒక్క వేల పత్తి ముక్కలు!

తప్పు ఆయనదే. ఆ ఆటలో కింద పడేసిన వస్తువు ఐదు నిమిషాల్లో మాయమవుతుంది. ఉరుకుందు కంటికి అది పట్టపగటి దొంగతనం. అందుకే మాయం కాకుండా సెట్టింగు మార్చాడు. పక్కపక్కన పడిన ముక్కల్ని ఆట ఒకటిగా కలిపేస్తే కుప్పలా కనబడదని, ఆ కలపడాన్నీ ఆపేశాడు. ఇక సర్వరు సెకనుకు ఇరవైసార్లు ఒక్కో ముక్క దగ్గరికీ పోయి, "ఉన్నావా? జరిగావా? నిన్నెవరైనా ఎత్తారా?" అని అడుగుతోంది. ఉరుకుందు పంతొమ్మిదేళ్లు చేసిన పనే అది. కాకపోతే ఆయన మధ్యలో బీడీ కాల్చుకునేవాడు.

సెట్టింగు పాతదానికి మారిస్తే ఐదు నిమిషాల్లో యార్డు శుభ్రం. కానీ మీ కుప్పకు నేను జవాబుదారీ అని నలభైమందికి మాటిచ్చి ఉన్నాడు. మాట తప్పలేడు, యార్డు పోగొట్టుకోలేడు. కంచం ముందు పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు.

భార్య మల్లేశ్వరిది ఎమ్మిగనూరు మగ్గాల ఇల్లు. సంగతంతా విని మూతి తిప్పింది.

"మా నాయన సీరలు అమ్మేకి పోతే అన్నీ బజార్లో పరిసేటోడా? ఒకటి మడత ఇప్పి సూపించేటోడు. మిగతాయి మూటలోనే. అన్నీ నేల మీద పోసుకుని కూసుంటారా యాడన్నా? మీ ఆదోనోళ్ల తెలివి! తిను ముందు."

ఉరుకుందు తినలేదు. చెయ్యి కడిగి తిరుపాల్‌కు ఫోన్ చేశాడు.

"అన్నా, పిడికెడు పత్తి బయటుండనీ. మిగతాది నీ పేరుతో పెట్టెలో ఎయ్యి. కొనేటోడు మూత తీసి సూసుకుంటాడు."

"అట్ల నమ్మరప్పా. కుప్పలో భుజం దాకా సెయ్యి దూర్చితేనే వాళ్లకు తృప్తి."

"నీ ఇష్టమన్నా. నేనైతే ముట్టను. నువ్వే ఎత్తల్ల."

శనివారమంతా ఒక్కొక్కరే వచ్చి తమ కుప్ప ఎత్తుకుని పెట్టెలో వేసుకున్నారు. ఉరుకుందు ఆటలో పక్కనే నిలబడి కాపలా కాశాడు. మొదటి కుప్ప ఎత్తడానికి గంట పట్టింది, పదోది అరగంటలో అయింది, నేల ఖాళీ అయ్యేకొద్దీ సర్వరు తేలికపడి ఆ తర్వాతవి చకచకా నడిచాయి. మిగిలింది తిరుపాల్ కుప్పే.

ఆదివారం పొద్దున తిరుపాల్ ఫోనులో గొణుగుతూనే ఆటలోకి వచ్చి ఎత్తడం మొదలుపెట్టాడు. సగం ఎత్తేసరికి పత్తి అయిపోయింది. అడుగున రాళ్లు, వరసగా, నీటుగా పేర్చినవి.

ప్రాసెసరు ముప్పై శాతానికి దిగింది. ఊరు గాలిలా కదులుతోంది. తిరుపాల్ మాత్రం కదల్లేదు. కుప్పను ముట్టనని ఉరుకుందు మాటిచ్చాడు గానీ, చూడనని ఎవరికీ మాటివ్వలేదు.

"అన్నా, రాళ్లకు ఇంకో పెట్టె ఇమ్మంటావా?"

అవతల కాసేపు దగ్గు వినిపించింది.

"ఇయ్యప్పా. సిన్నది సాలు."