హెబ్బగోడిలో నేను శ్రుతిపెట్టెనైన వైనం

శ్రీరామనవమి పందిట్లో కూర్చున్న జనం మొత్తాన్ని ఒక్కసారిగా లేచి నిలబడి చేతులు జోడించేలా చేసిన ఘనత నాది. గొప్ప గొప్ప విద్వాంసులకు కూడా దక్కని గౌరవం. అదెలా దక్కిందో తెలిస్తే మీరు నాకు శాలువా కప్పరు, దుప్పటి కప్పి నాలుగు తగిలిస్తారు. అందుకే ఇన్నేళ్లూ నోరు విప్పలేదు. ఇప్పుడు ఆ పందిరి వేసిన చోట అపార్ట్‌మెంట్లు లేచాయి, సాక్ష్యాలు పునాదుల కింద పడ్డాయి, కాబట్టి చెబుతున్నాను.

రెండు వేల రెండో సంవత్సరం ప్రాంతాల్లో సంగతి. నంద్యాల నుంచి బెంగళూరు వచ్చి ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగు ఉద్యోగంలో చేరాను. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా పని. నా తప్పులు వెతకడానికి మాత్రం కంపెనీ ఎవరినీ వేయలేదు. మా టీములో మెల్విన్ అనే మంగళూరు కుర్రాడుండేవాడు. ఆఫీసు వార్షికోత్సవానికి బ్యాండు కడుతున్నాడు. పాడేవాడు దొరికాడు, గిటారు తనే వాయిస్తాడు, డ్రమ్ములకు మనిషున్నాడు. ఇక లోటల్లా బేస్ గిటారు. ఎవరికైనా వచ్చా అని అతను అడిగాడో లేదో, నా చెయ్యి నన్ను అడక్కుండానే పైకి లేచింది.

బేస్ గిటారు గురించి నాకు తెలిసిందల్లా ఒకటే. మామూలు గిటారుకు ఆరు తీగలు, దీనికి నాలుగే. ఆరింటికన్నా నాలుగు సులువు కదా. ఇదీ నా సంగీత పరిజ్ఞానం.

ఆదివారం పూట బ్రిగేడ్ రోడ్డు వెనక సందులో ఉన్న ఒక వాద్యాల కొట్టుకు వెళ్లాను. కొట్టాయన నెమ్మదైన మనిషి. ముందు గట్టి చెక్కతో చేసిన బేస్ గిటార్లు చూపించాడు. ఒకటి భుజానికి తగిలించుకున్నాను. రుబ్బురోలు మెడకు కట్టుకుని బావిలో దూకబోతున్నవాడిలా ఉన్నానని అద్దం చెప్పింది. అప్పుడు గోడ మీద కనిపించింది అది. ఎర్రటి తేనె రంగు. వయొలిన్‌కు ఉన్నట్టు చెరో పక్కనా వంకర చీలిక. సెమీ హాలో అంటారట. నడిమధ్యన గట్టి చెక్క, రెండు పక్కలా బోలు. నేను పుచ్చకాయ బేరమాడేవాడిలా దాని పొట్ట మీద వేలితో కొట్టి చూశాను. బాగా పండిన శబ్దమే వచ్చింది. తీగ మీటితే స్పీకరు లేకుండానే సన్నగా ‘జుం’ అంది. అద్దె గదిలో స్పీకరు పెడితే ఇల్లుగలవాళ్లు గెంటేస్తారు, ఇదైతే ఉత్త చేతులతోనే వినబడుతుంది. ఇంకేం కావాలి?

కొట్టాయన మర్యాదగా ఒక మాట చెప్పాడు.

"సార్, ఇంట్లో అయితే ఇది బంగారం. స్టేజి మీద సౌండు పెంచి స్పీకరుకి దగ్గరగా కూసుంటే మాత్రం, మీరు ముట్టకపోయినా అదే పాడుకుంటది."

"అదే పాడుకుంటే నాకు సగం శ్రమ తగ్గినట్టే కదండీ," అన్నాను.

ఆయన నన్ను ఒక క్షణం జాలిగా చూశాడు. తర్వాత బిల్లు రాశాడు. నిండు కుండ తొణకదని మన పెద్దలు చెప్పారు. సగం బోలు కుండ ఏం చేస్తుందో ఏ సామెతలోనూ చెప్పలేదు. ఆ పరిశోధన నాకోసం వదిలేశారు.

మెల్విన్ బ్యాండులో నా వైభవం మూడు వారాలు సాగింది. పాట మొదలయ్యాక నేను మొదలయ్యేవాడిని. పాట అయిపోయాక కూడా నేను అయ్యేవాడిని కాదు. నా సౌండు తగ్గించి నన్నొక మూల కూర్చోబెట్టినా ప్రయోజనం లేకపోయింది. చివరికి మెల్విన్ నన్ను క్యాంటీనుకు తీసుకెళ్లి, కాఫీ ఇప్పించి, నేను వాయించేది బాగానే ఉందనీ, కాకపోతే వాళ్లు వాయించే పాట అది కాదనీ సున్నితంగా చెప్పాడు. ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడట. నాకు ఆ మాట అనే హక్కు పూర్తిగా ఉంది. నా మద్దెలకు కొన్ననాటి నుంచే రెండు చిల్లులు.

ఆ ఆదివారం పొద్దున గదిలో ముఖం వేలాడేసుకుని కూర్చుని, గిటారు కొసను నేలకు ఆనించి, లావు తీగను ఒక్కదాన్నే మీటుతున్నాను. నా గది డాబా మీద. కింద ఇల్లుగలావిడ నాగరత్నమ్మగారి వంటిల్లు. వాళ్లది ఆమె మామగారి తాతల నాడే హెబ్బగోడిలో స్థిరపడిన తెలుగు కుటుంబం. చుట్టూ ఫ్యాక్టరీ కార్మికులకు అద్దెకిచ్చిన గదులు, వాటన్నిటి మీదా ఆవిడ పరిపాలన. అద్దెకు చేరినప్పుడే రెండు షరతులు చెప్పింది: గుడ్డు ఉడకకూడదు, సద్దు వినబడకూడదు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తలుపులో నాగరత్నమ్మగారు. చేతిలో కూరగాయల కత్తి.

"ఆ జుం జుం అనేది నువ్వేనా అప్పా?"

తప్పయిపోయిందనీ, ఇక జన్మలో వాయించననీ చెప్పాను. నా చూపు కత్తి మీదే ఉంది.

"వాయించొద్దని ఎవరు చెప్పిరి? నేను కింద బీన్సు తరుగుతా సుమ్నే, ఊరికే, పాడుకుంటా ఉంటి. నేలలోంచి నీ జుం వచ్చి నా గొంతును సరిగ్గా శ్రుతిలో నిలబెట్టింది. ఇంగొకతూరి అను."

అన్నాను. ఆవిడ గుమ్మంలో నిలబడే, కత్తితో తాళం వేసుకుంటూ, ఒక కీర్తన పల్లవి పాడింది. గొంతు బాగుంది. తర్వాత దీని పేరేమని అడిగింది.

"బేసండి."

"భేషే ఉండాది. శనివారం సాయంత్రం ఎత్తుకోని కిందికి దిగిరా."

అలా ఒక రాక్ బ్యాండు వద్దన్నవాడిని ఒక ఆడవాళ్ల భజన బృందం చేరదీసింది.

ఆ బృందంలో నాగరత్నమ్మగారితో కలిపి ఎనిమిది మంది. ఎనిమిది శ్రుతులు. వాళ్లకో చిన్న కరెంటు శ్రుతిపెట్టె ఉంది గానీ, ఆ గొంతుల మధ్య దాని గోడు జాతరలో తప్పిపోయిన పిల్లాడి ఏడుపులా ఎవరికీ వినబడేది కాదు. రామనవమి ఉత్సవాల పందిట్లో పాడాలని నాగరత్నమ్మగారికి ఎన్నో ఏళ్ల కోరిక. ఉత్సవ కమిటీ అధ్యక్షులు గోవిందరాజులుగారు ఏటా, వచ్చే ఏడు చూద్దాంలేమ్మా అని చెప్పి పానకం పంచే పని అప్పగించేవారు. ఆ ఏడు ఎలాగో పెద్ద కచేరీకి ముందు అరగంట ఇచ్చారు. శ్రుతిలో పాడితే ఏటా పిలుస్తాననీ, లేకపోతే పానకం ఉండనే ఉందనీ నవ్వుతూనే చెప్పారట. ఆ నవ్వు నాగరత్నమ్మగారి గుండెలో గుచ్చుకుంది.

నా పని చాలా తేలిక. సా, పా, మళ్లీ సా. అంతే. బృందం చుట్టూ కూర్చునేది, నా గిటారు నడిమధ్యలో నేలకు ఆని జుమ్మనేది. నాగరత్నమ్మగారు వాళ్లకు ఒకటే పాఠం చెప్పేది.

"నా గొంతు వినొద్దండి, పక్కామె గొంతు వినొద్దండి. ఆ జుం వినండి. జుం యాడ ఉండాదో మీరూ ఆడే ఉండండి."

రెండు నెలల్లో నిజంగానే మార్పొచ్చింది. ఎనిమిది శ్రుతులు అయిదయ్యాయి, మూడయ్యాయి, చివరి వారానికి దాదాపు ఒకటిన్నర దగ్గర నిలిచాయి. నాకు మాత్రం శనివారం శనివారం పెసరపప్పు కోసంబరి, ఒబ్బట్లు, బోలెడు ఆశీర్వాదాలు. జీవితంలో నేను పుట్టింది శ్రుతిపెట్టె కావడానికేనని అర్థమైంది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ నేను మెల్విన్‌ను పిలిచాను.

ఎందుకు పిలిచానంటారా? నన్ను తీసేసినవాడు నా గొప్ప చూసి కుమిలిపోవాలని.

రామనవమి సాయంత్రం పందిరి కిటకిటలాడుతోంది. ఆకుపచ్చ చీరల్లో ఎనిమిది మందీ వేదికెక్కారు. వేదిక ఇరుకు. సౌండు మనిషి బీరువా అంత స్పీకరు తెచ్చి సరిగ్గా నా వెనక పెట్టి, నాకొక వైరు ఇచ్చాడు. మొదటి పాట అద్భుతంగా సాగింది. ముందు వరసలో గోవిందరాజులుగారు తల ఊపుతున్నారు. నాగరత్నమ్మగారి ముఖం వెలిగిపోతోంది. వెనక పక్క మెల్విన్ పానకం గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవులించాడు.

ఆ ఆవులింత నా పౌరుషాన్ని తట్టి లేపింది. నా జుం అతనికి వినబడటం లేదన్నమాట. గిటారు మీదున్న సౌండు పెంచే గుబ్బను చివరికంటా తిప్పేశాను.

రెండో పాటకు ముందు నాగరత్నమ్మగారు కళ్లు మూసుకుని శ్లోకం ఎత్తుకోబోయింది. పందిరంతా నిశ్శబ్దం. నేను తీగ మీద నుంచి చెయ్యి తీశాను.

గిటారు మాత్రం ఆపలేదు.

మొదట తుమ్మెద ఝంకారంలా ‘మ్మ్’ అంది. తర్వాత గానుగలా తిరిగింది. తర్వాత లోకంలోని ఆవులన్నీ ఒకే దూడను పిలిచినట్టు ‘ఓమ్మ్మ్మ్’ అని పందిరి గుంజలు వణికేలా మొదలుపెట్టింది. నేను ముట్టుకోవడం లేదని అందరికీ రుజువు చేద్దామని రెండు చేతులూ పైకెత్తాను. చెవిటి దేవుడికి కూడా తెలిసేలా ఇంకా పెరిగింది. తీగల మీద అరచెయ్యి వేస్తే తగ్గేదని తర్వాత తెలిసింది. తర్వాత తెలిసే విషయాల్లో నేనెప్పుడూ ఫస్టే. కంగారుగా ఒక గుబ్బ తిప్పాను, అది వేరే గుబ్బ. వెనక్కి తిరిగితే గిటారు పొట్టా స్పీకరు పొట్టా ఎదురెదురుగా వచ్చి, పాత స్నేహితులు కలుసుకున్నట్టు గొంతెత్తి పలకరించుకున్నాయి.

దిక్కుతోచక మళ్లీ ముందుకు తిరిగి రెండు చేతులూ ఎత్తేశాను. ముందు వరసలో గోవిందరాజులుగారు అది చూశారు. చేతులు గాలిలో ఉన్నాయి, నాదం మోగుతోంది. ఆయన లేచి నిలబడ్డారు.

"ఓంకారం," అన్నారు. "ఎవరూ వాయించకుండానే."

చేతులు జోడించారు. ఆయన్ను చూసి మొదటి వరస లేచింది, మొదటి వరసను చూసి పందిరంతా లేచింది.

ఇక్కడొక చిక్కుంది. ఆ ఓంకారం మా శ్రుతిలో లేదు, ఒక మెట్టు పైనుంది. మా బృందానికేమో, జుం యాడుంటే ఆడుండమని రెండు నెలలుగా నూరిపోశారు. జుం మెట్టెక్కింది. ఎనిమిది మంది ఆడవాళ్లూ ఏ మాత్రం తడబడకుండా దానితోపాటు మెట్టెక్కి రెండో పాట ఎత్తుకున్నారు. గొంతులు పందిరి కప్పుకు తగులుతున్నాయి, మెడ నరాలు తీగల్లా బిగిసాయి, ఒకావిడకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ, నమ్మండి, బృందం పుట్టాక మొట్టమొదటిసారి ఎనిమిది గొంతులూ ఒకటే శ్రుతిలో ఉన్నాయి. నేను గిటారును బిడ్డలా కావలించుకుని రాముడి పటం వైపు చూశాను. స్వామీ, నీ పెళ్లి రోజున నా చావు వద్దు అని మొక్కుకున్నాను.

కరెంటు పోయింది.

స్పీకరు చచ్చిపోయింది. మునిమాపు వెలుగులో, దీపాల మధ్య, గిటారు లేకుండా, మైకు లేకుండా, ఎనిమిది గొంతులు మాత్రం అదే శ్రుతిలో నిలకడగా సాగిపోయాయి. ఆ అరనిమిషం ఎంత బాగుందో చెప్పలేను. నేను వాయించకపోవడమే నా సంగీత జీవితంలో ఉత్తమ ఘట్టం. పాట ముగిసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గోవిందరాజులుగారు వేదిక మెట్ల దాకా వచ్చి నాగరత్నమ్మగారికి నమస్కరించారు.

మెల్విన్ నన్ను పందిరి పక్కన పట్టుకున్నాడు. గిటారూ స్పీకరూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకునే ఆ ఫీడ్‌బ్యాక్‌ను అంత ధైర్యంగా వాడుకోవడం తను ఏ రాక్ స్టేజి మీదా చూడలేదనీ, బ్యాండులోకి తిరిగి రమ్మనీ అడిగాడు. నాకు తీరిక లేదని చెప్పాను. అది ధైర్యం కాదని మాత్రం చెప్పలేదు.

నాగరత్నమ్మగారితో కలిసి ఇంటికి నడిచాను. ఆవిడ గేటు దగ్గర ఆగింది.

"నిజం చెప్పు ప్రసాదప్పా. దేవుడే పలికినాడా?"

"లేదమ్మా. గుబ్బ ఎక్కువ తిప్పాను."

"నాకు తెలీదా? దేవుడు పూనినోని మొగం మాదిరి లేదు నీది. దయ్యం పట్టినోని మాదిరి ఉండె."

"మరి ఆపెయ్యకుండా ఎందుకు పాడారమ్మా?"

"ఎట్ల ఆపేది? ఇన్నేండ్లకు మా వాళ్లు ఒక్కతూరి నా మాట విన్నారు." అని గేటు తీసి, గొంతు సవరించుకుంది. "కరెంటు పాయె కాబట్టి సరిపాయె. అది పోకుంటే నేనే పోతా ఉంటి."

ఆ మాటతో పగలబడి నవ్వింది. అంత నవ్వు ఆవిడ నోట నేను అంతకుముందు వినలేదు. ఖాళీ చెయ్యమంటుందని మెట్లెక్కుతూ భయపడ్డాను గానీ, మర్నాడు పొద్దున కాఫీ నా గదికే వచ్చింది.

మరుసటి ఏడు రామనవమికి గోవిందరాజులుగారు స్వయంగా ఇంటికి వచ్చారు. ఈసారి అరగంట కాదు, గంట. పానకం పని వేరేవాళ్లకు అప్పగించారట. తాంబూలం అందిస్తూ నా వైపు తిరిగారు.

"ఓంకారం మాత్రం తప్పకుండా ఉండాల అప్పా. జిగణి నుంచి కూడా జనం వస్తామంటా ఉండారు. పోయినేడు కరెంటు పోయి నడిమిట్లో తెగిపాయె, పాపం. ఈ తూరి ఆ భయమేమీ లేదు. జనరేటరు పెట్టిస్తా ఉండాను."

నాగరత్నమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లోంచి గిన్నెలు కింద పడిన చప్పుడు వినబడింది.

నేను ఆ తాంబూలం చేతిలో పట్టుకుని, మనసులో ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట జనరేటరు ఉన్న ఏ పందిట్లోనూ స్పీకరుకు పది బారల లోపల కూర్చోను. కూర్చున్నా గుబ్బ ముట్టుకోను. ముట్టుకున్నా, ఎదురుగా ఎవడు ఎంత నోరు తెరిచి ఆవులించినా, వాడివైపు చూడను గాక చూడను.