పై అరలో కవరు

మొన్న పొద్దున మా వీధి చివరి కాఫీ హోటల్లో పేపరు తిరగేస్తుంటే, ఎక్కడో ఏదో పరీక్ష ప్రశ్నపత్రం ముందే బయటికి పొక్కిందన్న వార్త కనపడింది. హోటలాయన నా భుజం మీదుగా తొంగిచూసి, కాఫీ గ్లాసు బల్లమీద పెడుతూ, "ఏం సారూ, మీ ఇంట్లో అమ్మ ఉండుంటే ఇట్టా జరిగుండునా? ఆయమ్మ కడుపులో మాట కట్టుకున్న మొగుడిక్కూడా తెలిసేది లేదు గదా!" అన్నాడు. పక్క బల్లవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. కాఫీ మాత్రం సగంలో వదిలేసి లేచొచ్చాను. ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు, పాపం. కాకపోతే, కడుపులో ఏముందో మొగుడికి తెలియకపోవడం మా ఇంట్లో వాడుక మాట కాదు, జరిగిన సంగతి.

మా ఆవిడ తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయంలో పరీక్షల విభాగంలో పనిచేసేది. నగరిలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి, టైపు మిషన్ల చప్పుడు మధ్యకు వచ్చిపడింది. టైపిస్టుగా చేరి డిప్యూటీ రిజిస్ట్రారు దాకా ఎదిగింది. నేను కార్వేటినగరం వైపు ఒక బడిలో తెలుగు అయ్యవారిగా చేరి, తెలుగు అయ్యవారిగానే రిటైరయ్యాను. నిలకడ గల మనిషినని చెప్పుకుంటూ ఉంటాను. పరీక్షల అధికారిని పెళ్లాడినవాడికి బతుకంతా పరీక్షే అని కొత్తలో ఒక మాట తయారుచేసుకుని, ముప్పయ్యేళ్లు స్టాఫ్‌రూములో దాన్నే అరగదీశాను. నిజానికి ఆమె నన్ను ఎప్పుడూ పరీక్షించలేదు. ఒక్కసారి పరీక్షించింది. అందులో తప్పాను.

ఆమె రోజు నాలుగింటికి మొదలయ్యేది. మా అమ్మ రెండేళ్లు మంచంలో ఉన్నప్పుడు, ఆమెకు ఒళ్లు తుడిచి, పక్కబట్టలు మార్చి, సంగటి మెత్తగా పిసికి తినిపించి, ఆ తర్వాత తల దువ్వుకుని పదింటికల్లా ఆఫీసు కుర్చీలో ఉండేది. నేను ఆ వేళకు నా కళ్లజోడు వెతుక్కుంటూ ఉండేవాణ్ని. మిగతా ఆడవాళ్ల చీరలు మల్లెపూల వాసన వేస్తే, మా ఆవిడ చీర కాలిన లక్క వాసన వేసేది. కవర్లకు లక్క కరిగించి ముద్ర వేసే పని కింది వాళ్లకు వదిలేది కాదు. "సీలు మీదే ఉంది మా శీలం" అని ఆమె తరఫున నేను ఊళ్లో చెప్పుకు తిరిగేవాణ్ని. "మీ నాలిక్కి సీలెయ్యాలంటే మా ఆఫీసులో లక్క సాలదండీ" అనేది ఆమె.

మా ఇంట్లో ఉక్కు బీరువా పై అర ఆమెది. ప్రశ్నపత్రాలు ఇంటికి రావు గానీ, వాటిని తయారుచేసే వాళ్లతో జరిగే ఉత్తరప్రత్యుత్తరాలు అప్పుడప్పుడు ఆ అరలో ఒక రాత్రి బస చేసేవి. ఎర్ర సిరాతో 'రహస్యం' అని రాసి ఉంటే మా ఇంటికి అది లక్ష్మణరేఖ. బీరువాకు తాళం ఉండేది కాదు. తాళం ఉంటే మమ్మల్ని నమ్మనట్టు కదా! మా అమ్మకు మాత్రం మహా కుతూహలం. "ఒరే నాయనా, కోడలు ఆ పైన బంగారమేమన్నా దాసిపెట్టిండాదేమో సూడరా" అని మంచంలోంచే నన్ను ఉసిగొల్పేది. నేను చూడలేదు. మా అమ్మాయి డిగ్రీ చదివిన మూడేళ్లూ, మా ఆవిడ తన కూతురు పరీక్ష రాస్తోందని ఆఫీసులో రాసిచ్చి మరో విభాగానికి మారిపోయింది. అక్కడితో ఆగినా బాగుండేది. పరీక్ష రాసొచ్చిన పిల్లను ఎలా రాశావని కూడా అడగలేదు. "పక్కింటోళ్లు గూడా అడిగినారు, నువ్వు అడగవా అమ్మా?" అంటే, "అడిగితే నువ్వు చెప్తావు, చెప్తే నేను వినాల్సొస్తాది. తిను ముందు" అని ఇంకో ముద్ద పెట్టింది.

ఆ పిల్లకు చిత్తూరులో పెళ్లయి, అయిదో నెలలో ఉన్నప్పుడు మా ఆవిడ సన్నబడడం మొదలైంది. రవికలు వదులయ్యాయి. "ఏమిటీ, మళ్లీ పెళ్లిచూపులకు తయారవుతున్నావా?" అన్నాను. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాలుక కోసేసుకోవాలనిపిస్తుంది. ఆమె నవ్వి, కుట్లు బిగించుకుంది. ఆఫీసు పని అని రెండుసార్లు వేలూరు వెళ్లొచ్చింది. ఆ తర్వాత ఒక ఆదివారం, గ్యాస్ పుస్తకం కోసం బీరువా అంతా తిరగేస్తుంటే పై అర అంచున ఒక గోధుమరంగు కవరు కనపడింది. లక్క ముద్ర లేదు. మూతి అంటించి, మీద ఎర్ర సిరాతో 'రహస్యం' అని ఆమె చేతిరాత. అడ్డంగా ఉందని తీశాను. దుమ్ము తుడిచాను. తిరిగి అక్కడే పెట్టాను. నా నిజాయితీకి నేనే మురిసిపోయాను కూడా. సాయంత్రం ఆమె పూలు కడుతుంటే, "పై అరలో నీ కవరొకటి కదిలించినా. తెరవలేదులే" అన్నాను.

ఆమె చేతిలో దారం ఆగింది. "మీరు మంచోళ్లండీ" అంది. నేను దాన్ని ప్రశంసాపత్రంగా స్వీకరించాను.

నాలుగు నెలలు గడిచాయి. మనవరాలు పుట్టింది. మా ఆవిడే పురుడు పోసి, పదకొండో రోజు బిడ్డను ఉయ్యాలలో వేసి, చంటిదాని బట్టలు ఆరేస్తూ మేడమీదే పడిపోయింది. వేలూరు ఆసుపత్రిలో డాక్టరు ఆమె పాత చీటీలు చూసి, గర్భసంచిలో గడ్డ సంగతి ముందే చెప్పామనీ, వెంటనే ఆపరేషనుకు రమ్మన్నామనీ అన్నాడు. ఇప్పుడు అది కడుపంతా పాకిందట. "ఇన్నాళ్లు ఇంట్లో ఎవరూ చూసుకోలేదా?" అన్నాడు. మా అమ్మాయి పచ్చి బాలింత, గోడకానుకుని నిలబడి ఉంది.

ఆ మధ్యాహ్నం మేమిద్దరమే ఉన్నప్పుడు ఆమె తనే మొదలుపెట్టింది. "బిడ్డ నిండు మనిషి, యాడ దిగులు పడతాదో అని... మీకన్నా చెప్దామంటే నోరు రాలేదండీ. అందుకే ఆ రిపోర్టు ఆడ పెట్టినా. మీరు తీసి సూస్తారనుకున్నా."

"మరి 'రహస్యం' అని రాసింటివే!"

"ముప్పై ఏండ్ల అలవాటు. కవరు మూత అంటిస్తానే చెయ్యి దానంతటదే రాసేసినాది." నవ్వబోయింది, నొప్పి రానివ్వలేదు. "రాసినాక కొట్టేద్దామనుకున్నా. అయినా ఆయన నా మొగుడే గదా, ఈసారికి తెరవడా ఏంది అనుకున్నా."

ఊళ్లో అందరి ఉత్తరాలూ చదివిపెట్టి జవాబులు రాసిచ్చే అయ్యవారిని నేను. నా ఇంట్లో నాకని పెట్టిన ఒకే ఒక్క ఉత్తరం చదవలేదు.

మూడు వారాలకు ఆమె పోయింది. పెద్దకర్మ అయిన మర్నాడు అమ్మాయి బీరువా సర్దుతూ ఆ కవరు పట్టుకొచ్చింది. తెరిచి ఉంది, తనే తెరిచింది. చీటీ మీది తేదీ మీద వేలుపెట్టి, "నాయనా, నువ్వు దీన్ని ఎప్పుడన్నా సూసినావా?" అంది. పిల్ల కళ్లలోకి చూడలేక, "లేదమ్మా" అన్నాను. అది తలూపింది. "అయితే నా కాన్పు కోసమే సచ్చిపోయింది. ఎవురికీ తెలీకుండా" అంది.

ఆ మాటను సరిదిద్దడానికి నాకు అప్పుడే అవకాశం ఉంది. పిల్లల కాపీల్లో సున్న తప్పినా ఎర్రగీత పెట్టినవాణ్ని, దాన్ని అలాగే వదిలేశాను. మనవరాలి పుట్టినరోజు వచ్చినప్పుడల్లా మా అమ్మాయి పాయసం వండి, తను మాత్రం తినదు. ఎందుకని అల్లుడు ఎప్పుడూ అడగలేదు. నేను అడగక్కర్లేదు.

ఇది అచ్చయితే మా అమ్మాయి చదువుతుంది. మళ్లీ అడిగితే చెబుదామని ఇన్నాళ్లు కాచుకున్నాను. అది అడగలేదు, అడగదు, తల్లి పోలిక. కనుక నేనే చెబుతున్నాను. చూశానమ్మా. చేతిలోకి తీసుకుని, దుమ్ము తుడిచి, పెట్టేశాను. మీ అమ్మ ఆగింది నీ కోసమే కాదు, నా కోసం కూడా. ఇంత చెప్పడానికి అర నిమిషం చాలు. నాకు ఆరేళ్లు పట్టింది.