ఫోటో కోసం పేర్చిన బస్తాలు

మంచిర్యాలలో మా ఇంటి వెనక ఎత్తు ప్లాటును చదును చేస్తుండిరి. మట్టి కిందికి జారకుండా ఇసుక బస్తాలు పేర్చాలని మున్సిపాలిటీ చెప్తే పేర్చిండ్రు. మున్సిపాలిటీ సారు వచ్చి ఫోటో తీసుకొని పోంగనే మేస్త్రి ట్రాక్టర్ తెప్పిచ్చిండు. నాకు అనుమానం వచ్చింది.

“బస్తాలు ఏడికి తమ్మీ?”

“ఇంకో సైటుకక్కా. ఆడ గూడ ఫోటో దియ్యాలె గదా!”

“వానొస్తే మట్టంత మా ఇంట్లకే వస్తది. చంటిపిల్ల ఉంది.”

“రేపు తెస్తం, ఫికర్ చెయ్యకు.”

నాకు నమ్మబుద్ధి కాలే. ఎవ్వరితో గట్టిగ మాట్లాడని నేను, వాడకట్టంత చూస్తుండంగ జపమాల పట్టుకొని బస్తాల మీద కూర్చున్న. సిగ్గుతో తల లేవలే. ట్రాక్టర్ ఖాళీగనే పోయింది.

సాయంత్రం కుండపోత వాన. ఎర్రమట్టి బస్తాల దాక వచ్చి ఆగింది.

దేవుడు నాకు ఎన్నో ఇచ్చిండు. ఆ పొద్దు అనుమానం గూడ ఇచ్చినందుకు ఇప్పటికీ దండం పెట్టుకుంటున్న.